నురుగు రెక్కలు

గ్లైడరు కిట్టు కొని తెచ్చినవానికి ఇంటిలో మొదట వినవచ్చే ప్రశ్న, "ఇంత డబ్బు పోసి థర్మోకోలు కొన్నావా?" అన్నది. ఆ ప్రశ్నలో అన్యాయమేమీ లేదు. అట్టపెట్టె మూత తీయగానే కనిపించేవి తెల్లని నురుగు ముక్కలే. టెలివిజన్ సెట్టు దారిలో పగలకుండా నాలుగు మూలలా అమర్చి పంపే సరుకుకూ దీనికీ పైకి చూడగా భేదం కానరాదు. రెండు పొడవాటి రెక్కలు, నిలువునా రెండుగా చీల్చిన చేప వంటి మొండెం, తోకకు రెండు పలకలు, చిన్న సంచిలో కొన్ని ఉక్కు తీగలు, మరలు, ప్లాస్టిక్ కొక్కేలు, రెక్కలలో దూర్చవలసిన సన్నని గొట్టం ఒకటి. మూడు నాలుగు సాయంకాలాల శ్రమ తరువాత ఇవే ఒక రెక్క కొన నుంచి మరొక రెక్క కొనకు 1.8 మీటర్లు చాచుకున్న విమానమై, మోటారు, బ్యాటరీతో సహా 900 గ్రాములకు అటూ ఇటూ తూగి, నేలమీద నిలిచినవాని వేళ్ళ కదలికకు ఆకాశంలో వంగి తిరుగుతాయి.

ఈ తరహా కిట్టుకు పేరు తెచ్చినది జర్మనీ. అది కాకతాళీయం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత జర్మనీలో ఇంజను విమానాల నిర్మాణంపై విజేతలు ఆంక్షలు విధించగా, అక్కడి యువకులు ఇంజను లేని విమానాలను ఆశ్రయించారు. 1920లో రోన్ పర్వతాలలోని వాసర్‌కుప్పె శిఖరం మీద మొదటి గ్లైడరు పోటీ జరిగింది. సుమారు 950 మీటర్ల ఎత్తుగల ఆ గుండ్రని కొండమీద నేడు గ్లైడర్ల మ్యూజియం ఉన్నది. దాని పేరులోనే నమూనా విమానాలకు కూడ చోటు దక్కింది. పెద్ద గ్లైడరును, చిన్న గ్లైడరును ఒకే కుటుంబంగా చూసిన దేశం గనుకనే అక్కడి మల్టీప్లెక్స్ కంపెనీ పిల్లల ఆటవస్తువుకు చూపే నిర్లక్ష్యం చూపకుండా నురుగు విమానాన్ని తీర్చిదిద్దింది. 'ఎలపోర్' అని పేరుపెట్టిన ఆ నురుగుతో పోసిన 'ఈజీ గ్లైడర్' దేశదేశాల ఔత్సాహికులకు మొదటి పాఠమయింది. తరువాత అనేక దేశాలలో తయారైన కిట్లు ఇంచుమించు ఆ దారినే నడిచాయి.

ఇంతకు పూర్వం ఈ విద్యకు ఆధారం బాల్సా. దక్షిణ అమెరికాలో, ముఖ్యంగా ఈక్వడార్‌లో పెరిగే ఆ చెట్టు కలప ఎంత తేలికయినదంటే 1947లో థార్ హెయర్‌డాల్ పసిఫిక్ సముద్రాన్ని దాటిన కాన్-టికీ తెప్పకు దుంగలు దానివే. బాల్సాతో నమూనా విమానం కట్టడమంటే పటం పరచి, దానిమీద పుల్లలు గుండుసూదులతో నిలిపి, పక్కటెముకలు ఒక్కొక్కటిగా కోసి, పైన పలుచని కాగితమో, పట్టో కప్పి బిగించడం. అందుకు ఒక శీతకాలమంతా పట్టేది. ఆ పని ఎరిగినవారికి నురుగు కిట్టు మీద చిన్నచూపు ఉండడం సహజం. పోతపోసిన ముక్కలను అతికించడం కట్టడమే కాదని వారి వాదం. అయితే ఒక శీతకాలపు శ్రమ మొదటి రోజున రెండు సెకండ్లలో పుల్లలపోగు కావడం చూసి ఎందరు యువకులు ఈ విద్యకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయారో వారికీ తెలుసు. నురుగు చేసిన మేలు ఇదే: పడడానికి అది అనుమతి ఇచ్చింది. బాల్సా విరుగుతుంది, నురుగు నలుగుతుంది, లేదా ఒక్కచోట తెగుతుంది. తెగినది అతుకుతుంది.

నురుగులన్నీ ఒక్కటి కావు. మనం థర్మోకోలు అనేది పాలీస్టైరీన్ పూసలను ఆవిరితో ఉబ్బించి చేసినది. గట్టిగా నొక్కితే పలుకులు పలుకులుగా రాలుతుంది. కిట్టులో వచ్చేది పాలీఒలెఫిన్ జాతికి చెందిన మరొక పదార్థం. వేలితో నొక్కితే కొంత వంగి తిరిగి లేస్తుంది. దాని పరిమాణంలో నూటికి 95 పాళ్ళకు పైగా గాలే. ఈ తేడా తెలియక దెబ్బతినేది జిగురు దగ్గర. క్షణంలో పట్టే సయనోఅక్రిలేట్ జిగురును, అంటే మన అంగళ్ళలో ఫెవిక్విక్ అని దొరికే జాతిని, 1942లో అమెరికాలో కొడాక్ కంపెనీ రసాయనవేత్త హ్యారీ కూవర్ తుపాకుల గురిచూపు అద్దాల కోసం పారదర్శక పదార్థం వెతుకుతూ తయారుచేశాడు. తాకినదానికల్లా అంటుకుంటున్నదని విసుగుతో పక్కన పెట్టాడు కూడా. ఆ జిగురు మామూలు థర్మోకోలును తినివేస్తుంది. ఒక్క చుక్క పడితే గుంట పడుతుంది. కిట్టు నురుగును మాత్రం ఏమీ చేయదు, చక్కగా పట్టుతుంది. కనుక చేతిలోని నురుగు ఏ జాతిదో తెలియనప్పుడు పెట్టెలోని పనికిరాని తునక మీద ముందు పరీక్షించడం ఆనవాయితీ.

మొండెం రెండు బద్దలను అతికించే ఘట్టమే నిర్మాణంలో మొదటి గండం. బద్దలు కలపక ముందే లోపల పోవలసినవన్నీ పోవాలి. తోకలోని చుక్కానికీ, ఎలివేటరుకూ ముందునుంచి కదలికను మోసే సన్నని తీగలు ప్లాస్టిక్ గొట్టాలలో జారుతూ ఉంటాయి. ఆ గొట్టాలు వాటి గాడులలో తిన్నగా పడుకోవాలి. గొట్టానికి ఒక్కచోట వంకర ఉంటే తీగ బిగుస్తుంది, తోక మొండికేస్తుంది. వాటిని లాగే సర్వోలను, అంటే అగ్గిపెట్టె కంటె చిన్నవైన మోటారు డబ్బీలను, ముందే విద్యుత్తు కలిపి నడుమకు తెచ్చి అప్పుడు గూళ్ళలో పెట్టాలి. ఇదంతా అయిన తరువాత ఒక బద్దకు జిగురు, రెండవ బద్దకు దానిని త్వరగా గట్టిపరచే ద్రవం పూసి, రెండింటినీ కలిపి నొక్కుతారు. కలిసిన క్షణం నుంచి పదిహేను సెకండ్లలో ఆ మొండెం ఏ ఆకారంలో ఉన్నదో శాశ్వతంగా ఆ ఆకారమే. అరటిపండు వలె కొంచెం వంగినా, తువ్వాలు పిండినట్టు కొంచెం మెలి తిరిగినా ఆ లోపం ప్రతి ప్రయాణంలోనూ కనిపిస్తుంది. అందుచేత అనుభవజ్ఞులు జిగురు లేకుండా రెండు మూడుసార్లు మూసి తెరిచి చూసుకుంటారు. చివరకు చదునైన బల్లమీద మొండేన్ని ఆనించి, ఒక కన్ను మూసి, ముక్కునుంచి తోక దాకా వడ్రంగి చూపు చూస్తారు. కరపత్రంలో ఈ ఘట్టానికి ఉన్నది రెండు మూడు వాక్యాలే.

రెక్కల పని సులభం. వెనుక అంచున ఎయిలరాన్ అనే కదిలే పలకకు రెండు కొసలా కత్తితో గాటు పెట్టి విడదీసి, మిగిలిన పలుచని నురుగునే బందుగా ముందుకూ వెనుకకూ పదిసార్లు వంచితే అది మెత్తబడుతుంది. రెక్కల నడుమ గొట్టం దూర్చితే రెండు రెక్కలూ ఒక్క దూలమై నిలుస్తాయి.

అంతకంటె ముఖ్యం, అన్నీ కూర్చిన తరువాత పలకలు ఏ దిక్కుకు కదులుతున్నాయో చూడడం. విమానం వెనుక నిలిచి కర్రను కుడికి నెట్టితే కుడి ఎయిలరాన్ పైకి లేవాలి, ఎడమది దిగాలి. కర్రను తనవైపు లాగితే ఎలివేటరు పైకి లేవాలి. ఇది తలక్రిందులైతే, ఎడమకు వాలుతున్న విమానాన్ని నిలపబోయి ఎగిరించేవాడే దానిని ఇంకా ఎడమకు పడదోస్తాడు. ట్రాన్స్‌మిటరులో ఒక్క మీట మార్చితే సరిపోయే లోపమిది. దీనివల్ల విరిగిన మొదటి విమానాలు మాత్రం ఏ క్లబ్బును అడిగినా లెక్కకు వస్తాయి.

ఇక తూకం. విమానాన్ని రెక్కల కింద రెండు వేలికొనలమీద నిలిపితే ఎక్కడ సమంగా నిలుస్తుందో అదే దాని గురుత్వ కేంద్రం. ఈ తరహా గ్లైడరులో అది రెక్క ముందు అంచు నుంచి వెనుకకు, రెక్క వెడల్పులో ఇంచుమించు మూడోవంతు దగ్గర ఉండాలి. ఎన్ని మిల్లీమీటర్లో కరపత్రం చెబుతుంది. మొదటి రోజున ఆ అంకెకు ఒక సెంటీమీటరు వెనుకకు పోయినా ప్రమాదమే. ముక్కు బరువెక్కిన విమానం ఎగరడం బాగుండదు, తోక బరువెక్కిన విమానం ఒక్కసారే ఎగురుతుంది అని ఈ విద్యలో నలిగిన సామెత. అందులో హాస్యం కొంత, లెక్క ఎక్కువ. కేంద్రం ముందుకు ఉన్నప్పుడు గాలి విసురుకు ముక్కు లేచినా విమానం తనంతట తాను సర్దుకుంటుంది. వెనుకకు జరిగినకొద్దీ ఆ సర్దుకునే గుణం క్షీణించి, చివరకు లేచిన ముక్కు ఇంకా లేస్తుంది.

ఈ రహస్యం తెలిసి రెండు శతాబ్దాలు దాటింది. 1804లో ఇంగ్లండులో సర్ జార్జి కేలీ ఒక కర్రకు గాలిపటాన్ని రెక్కగా బిగించి, వెనుక కదిలే తోక పెట్టి, తూకం సర్దడానికి ముక్కు వద్ద జరపగల బరువును అమర్చి కొండవాలున విసిరాడు. నేటి కిట్టులో ఆ బరువు పాత్ర బ్యాటరీది. నురుగు గూటిలో దానిని ముందుకో వెనుకకో జరిపి తూకం కుదురుస్తారు. 1871 ఆగస్టు 18న పారిస్‌లోని ట్యూలరీ తోటలో ఆల్ఫాన్స్ పేనో రబ్బరు మెలితో ఎగిరే చిన్న విమానాన్ని పదిమంది ఎదుట వదిలాడు. తోకపలకను కొంచెం కిందికి వాల్చినందున అది ఎవరి చేయీ లేకుండా 11 సెకండ్లపాటు నిలకడగా సుమారు 40 మీటర్లు పోయింది. అదే పేనో ఊహించిన రబ్బరు హెలికాప్టరు బొమ్మను 1878లో ఒక తండ్రి అమెరికాలో తన ఇద్దరు కొడుకులకు తెచ్చి ఇచ్చాడు. ఆ పిల్లల పేర్లు విల్బర్, ఆర్విల్. ఆటవస్తువులంటే తేలిక భావం ఉన్నవారు ఈ సంగతిని ఒకసారి తలచుకోవచ్చును.

రేడియో చరిత్ర ఇంత ప్రశాంతమైనది కాదు. 1937లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో రాస్ హల్, క్లింటన్ డిసోటో అనే ఇద్దరు రేడియో ఔత్సాహికులు పదమూడు అడుగుల రెక్కలుగల గ్లైడరును నేలమీదనుంచి నడిపారు. అంత రెక్క ఎందుకంటే ఆనాటి వాల్వులు, బ్యాటరీలు మోయడానికి. ఆస్ట్రేలియానుంచి వెళ్ళిన హల్ మరుసటి సంవత్సరమే టెలివిజన్ పరికరంతో ప్రయోగాలు చేస్తూ విద్యుదాఘాతంతో మరణించాడు. తరువాతి దశాబ్దాలలో పరికరాలు చిన్నవయ్యాయి గాని మరొక బెడద మిగిలింది. అమెరికాలో 72, ఐరోపాలో 35 మెగాహెర్ట్జుల చుట్టూ కొద్దిపాటి చానళ్ళు మాత్రమే ఉండేవి. ఒకే చానల్ మీద ఇద్దరు మీట నొక్కితే గాలిలో ఉన్న విమానం ఎవరి మాటా వినదు. అందుకని క్లబ్బులలో చానల్ అంకె వేసిన కొయ్యబిళ్ళ చేతికి వచ్చేదాకా ఎవరూ ట్రాన్స్‌మిటరు తాకరాదని కట్టడి ఉండేది. 2000 దశకం మధ్యలో 2.4 గిగాహెర్ట్జుల పరికరాలు వచ్చి ఈ భయాన్ని ఇంచుమించు తీర్చాయి. ట్రాన్స్‌మిటరు, రిసీవరు ఒకదానినొకటి గుర్తుపట్టి, విస్తృతమైన పట్టీలో పౌనఃపున్యాలను మార్చుకుంటూ మాట్లాడుకుంటాయి. ఇటువంటి గెంతులాటను టార్పెడోలను నడపడానికి సూచిస్తూ 1942లో పేటెంటు పొందిన ఇద్దరిలో ఒకరు హాలీవుడ్ తార హెడీ లమార్, మరొకరు సంగీత రచయిత జార్జి ఆంతెయిల్ అనడం వింతగా ఉన్నా నిజం.

విమానాన్ని వదలడానికి మంచి వేళ సూర్యోదయం తరువాతి గంట. గాలి నిద్రలో ఉంటుంది. మోకాలెత్తు గడ్డి ఉన్న మైదానమైతే మరీ మేలు. ముందు ట్రాన్స్‌మిటరు, ఆ తరువాతనే విమానంలోని బ్యాటరీ. దించినప్పుడు దీనికి విరుద్ధ క్రమం. బ్యాటరీ తగిలించిన క్షణం నుంచి ప్రొపెల్లరు ప్రాణమున్న కత్తి అని భావించి చేతులు దూరంగా ఉంచాలి. గాలికి ఎదురుగా నిలిచి, రెక్కలు సమంగా పట్టి, దూరాన నేలను చూస్తూ ఈటె విసిరినట్టు తిన్నగా వదలాలి.

ఇక్కడ కొత్తవారందరిదీ ఒకే పొరపాటు. విమానం పైకి పోవాలన్న ఆత్రుతతో ముక్కు పైకెత్తి విసురుతారు. రెక్కను మోసేది ఎత్తు కాదు, వేగం. ముక్కు మరీ లేస్తే రెక్కపై గాలి ప్రవాహం చెదరి మోసే శక్తి ఒక్కసారిగా పడిపోతుంది. వైమానికులు దీనిని స్టాల్ అంటారు. 1891 నుంచి సుమారు రెండువేలసార్లు గాలిలో తేలిన ఆటో లిలియంతాల్ ప్రాణం తీసినది అదే. 1896 ఆగస్టు 9న అతని గ్లైడరు గాలిలో ఆగి కూలింది, మరునాడు బెర్లిన్‌లో అతడు మరణించాడు. నురుగు విమానానికి అదే సంభవిస్తే ముక్కు నలిగి ఊరుకుంటుంది. అతనికి లేని ఆ అవకాశం చేతిలో ఉన్నవారు కూడ ఆ రెండు సెకండ్లలో ఊపిరి బిగబట్టుతారు. కిట్టు నురుగుదే అయినా సాయంకాలాలు తమవి కదా.

గాలిలో స్థిరపడిన తరువాత అసలు చిక్కు మరొకటి. విమానం దూరంగా పోతున్నంతసేపు దాని కుడి మన కుడి. తిరిగి ఎదురుగా వస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ. ఆలోచించి లెక్కవేసే వ్యవధి ఉండదు. పాతకాపులు చెప్పే ఉపాయం ఒకటి ఉన్నది: ఎదురుగా వచ్చే విమానానికి ఏ రెక్క దిగిందో కర్రను ఆ వైపుకే నెట్టు, దిగిన రెక్కకు కింద ఆసరా పెట్టినట్టు. పది రోజులకు చేతికి అబ్బుతుంది.

మోటారు ఆపితే ప్రొపెల్లరు రేకులు ముక్కుకు ఆనుకొని ముడుచుకుంటాయి. అప్పుడు మిగిలేది గాలి రొద. మంచి గ్లైడరు పది మీటర్లు దిగేలోగా నూరు మీటర్లకు పైగా సాగుతుంది. మనుషులు ఎక్కే నేటి మేలిరకపు గ్లైడర్లలో ఆ నిష్పత్తి 60కి మించింది. కాని ఎత్తును దక్కించేది నిష్పత్తి కాదు, వేడి. ఎండకు దున్నిన నల్లరేగడి చేను, తారురోడ్డు, రాతిగుట్ట పక్కనున్న పచ్చని పొలం కంటె త్వరగా కాగుతాయి. వాటిపై వేడెక్కిన గాలి బుడగగా, స్తంభంగా లేస్తుంది. దానిని థర్మల్ అంటారు. కంటికి కనబడని ఆ స్తంభం తగిలినప్పుడు ఒక రెక్క చిన్నగా ఎగదన్నుతుంది. నేర్పరి వెంటనే ఎగసిన రెక్క వైపుకే విమానాన్ని తిప్పి, అక్కడే చుట్లు కొట్టిస్తూ మోటారు లేకుండా పైకెక్కిస్తాడు. అర్ధగంట, గంట గడిచిపోతుంది.

థర్మల్ జాడ చెప్పడంలో పక్షులకు సాటి లేదు. దక్షిణాసియాలో ఒకప్పుడు ఈ పని రాబందులది. 1990 దశకంలో అవి ఆకాశం నుంచి మాయమవసాగాయి. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను చంపుతున్నదని 2004లో శాస్త్రజ్ఞులు నిరూపించారు. 2006లో భారత్, నేపాల్, పాకిస్తాన్ పశువైద్యంలో ఆ మందును నిషేధించాయి. నేడు మన మైదానాలమీద దారి చూపేది ఎక్కువగా గద్దలే. అవి నురుగు విమానం పక్కనే చుట్లు కొడతాయి. కొన్ని కాలితో తన్నబోతాయి కూడా. అప్పుడు పక్కకు తొలగడమే మర్యాద, ఆకాశం వాటిది.

ప్రభుత్వానికీ ఇందులో మాట ఉన్నది. 2021 ఆగస్టులో అమలులోకి వచ్చిన డ్రోన్ నిబంధనలు ఇరవై ఐదు కిలోలకు మించకుండా, కంటిచూపు మేర లోపల, విద్యకో వినోదానికో ఎగిరించే నమూనాలను వేరే తరగతిగా గుర్తించాయి. అయినా ఏ ఆకాశమైనా అందరిదీ అనుకోరాదు. విమానాశ్రయాల పరిసరాలలో, సైనిక స్థావరాల వద్ద హద్దులు ఉన్నాయి. పటంలో చూసుకొని పోవాలి. మన దేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగపు కేడెట్లకు నమూనా విమానాలు కట్టడం, ఎగిరించడం శిక్షణలో భాగం. దగ్గరలో అటువంటి అనుభవం ఉన్నవారు ఒకరు పక్కన నిలిస్తే మొదటి పదిమార్లు విమానం ఇంటికి క్షేమంగా వస్తుంది.

తెలుగుదేశపు వేసవిలో ఒక ప్రత్యేక జాగ్రత్త అవసరం. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో ఈ విమానాన్ని మధ్యాహ్నమంతా వదలరాదు. ఆ వేడికి రెక్క చడీచప్పుడు లేకుండా మెలిపడుతుంది, నురుగు పొక్కులు లేస్తుంది. లిథియం బ్యాటరీకి ఆ వేడి మరీ చేటు. పడిన విమానం నుంచి మొదట తీయవలసినదీ ఆ బ్యాటరీనే. ఉబ్బినా, చొట్టపడినా దానికి మళ్ళీ చార్జి పెట్టకూడదు. మంచి బ్యాటరీనైనా చార్జికి పెట్టి మనిషి పక్కనుంచి లేచిపోకూడదు.

మిగిలిన నష్టానికి చికిత్స వంటింటిలోనే ఉన్నది. తెగిన రెక్క అంచులను తుడవకుండా, పలుకులు పోనివ్వకుండా ఉన్నవున్నట్టు కలిపి జిగురు వేస్తే అతుకు గీత తప్ప మరేమీ మిగలదు. నలిగి చప్పిడి అయిన ముక్కుకు జిగురు కూడ అక్కరలేదు. మోటారును, తీగలను విప్పి పక్కనపెట్టి, గిన్నెలో మరిగే నీళ్ళను గరిటెతో ఆ నలిగిన చోట కొద్దికొద్దిగా పోస్తూ ఉండాలి. అణగిపోయిన పూసలు ఒక్కొక్కటే ఉబ్బి, ముడతలు విడి, ఒకటి రెండు నిమిషాలలో ముక్కు ఇంచుమించు మునుపటి రూపానికి వస్తుంది. పూర్తిగా ఆరిన తరువాత, మళ్ళీ రెండు వేళ్ళమీద నిలిపి తూకం చూడాలి.